లారీ మీద వచ్చిన బడి

మా బడి పునాదుల్లోంచి లేవలేదు. తెనాలిలో ఒక రేకుల షెడ్డులో తయారై, లారీ ఎక్కి, రేపల్లె బజారంతా చూస్తుండగా ఊరు దాటి, అడవులదీవి అవతల మా పిల్లలున్న చోటికి వచ్చి దిగింది. ఈ మాట చెప్పినప్పుడల్లా కొత్తవాళ్ళు నా మొహంలోకి అనుమానంగా చూస్తారు. చూడనివ్వండి. నేను మాత్రం చెప్పడం మానను. నా ఉద్యోగంలో నేను తలెత్తుకుని చెప్పుకోగలిగిన సంగతి ఇదొక్కటే.

నేను ఆ ప్రాథమిక పాఠశాలకి హెడ్మిస్ట్రెస్‌ని. పుట్టిల్లు బాపట్ల. మాది లూథరన్ కుటుంబం, అమ్మా నాన్నా ఇద్దరూ టీచర్లే. అత్తిల్లు రేపల్లె. పొద్దున్నే రేపల్లెలో బస్సెక్కి, దిగిన చోట ఆటో పట్టుకుని బడికి చేరతాను. నా నోరు పెద్దదని ఊళ్ళో పేరు. నేను మెల్లగా మాట్లాడితే ఒంట్లో బాగాలేదా అని మా ఆయన అడుగుతారు. సముద్రపు గాలికి ఎదురు నిలబడి పాఠం చెప్పే మనిషికి మెల్లగా మాట్లాడటం ఎలా వస్తుందండీ?

పాత బడి గురించి ముందు చెప్పాలి. నేను ఆ ఊరు వెళ్ళేటప్పటికే దాని పని అయిపోయింది. మా వైపు ఉప్పుగాలికి ఇనుము బతకదు. శ్లాబులో ఊచలు తుప్పు పట్టి ఉబ్బి, సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడేది. పిల్లలు వరండాలో భోజనానికి కూర్చున్న సమయంలో ఒక పెద్ద పెచ్చు రెండో తరగతి బల్ల మీద పడింది. చప్పుడికి పరుగెత్తి వెళ్ళి చూసి, నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పైవాళ్ళు వచ్చి చూశారు, ఇందులో ఎవరూ కూర్చోకూడదన్నారు, కొన్నాళ్ళకి దాన్ని పడగొట్టించారు. మేం తుఫాను షెల్టరులోకి మారాం. ఒకే హాలు, అందులో అయిదు తరగతులు. ఈ మూల ఎక్కాలు, ఆ మూల పద్యాలు, మధ్యలో ఒకటో తరగతి వాళ్ళ ఏడుపులు. సాయంత్రానికి నాకు నా పేరు గుర్తుండేది కాదు.

అలా ఏడాది లాక్కొచ్చాం. వేసవి సెలవులు ఇచ్చేముందు ఆఫీసరు గారు వచ్చారు. మంచి మనిషే. విసుక్కోకుండా, నెమ్మదిగా చెప్పారు. షెల్టరు బడికి శాశ్వతంగా ఇవ్వడం కుదరదు, తుఫాను వస్తే జనం ఎక్కడికి పోతారు? కాబట్టి జూన్‌లో బడి తెరిచే రోజుకి గదులుంటే మా బడి ఉంటుంది. లేకపోతే పిల్లల్ని అవతలి ఊరి బడిలో కలిపేస్తారు. అవతలి ఊరు పెద్ద దూరం కాదని కూడా అన్నారు. మ్యాపులో కాదు మరి. మధ్యలో పెద్ద డ్రెయిను, దాని మీద గోడల్లేని వంతెన, రొయ్యల లారీలు రాత్రనక పగలనక తిరిగే రోడ్డు. అవన్నీ మ్యాపులో కనిపించవు.

ఆ కబురు ఊళ్ళోకి వెళ్ళిన మర్నాడే ఒక తల్లి షెల్టరు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ఆమెది. పొద్దున్నే మేస్త్రి పంపే ఆటోలో వెళ్ళి చీకటి పడేవేళకి వస్తుంది. ఆమె కూతురు మూడో తరగతి. లెక్క చెప్పడం నేను పూర్తిచెయ్యక ముందే జవాబు చెప్పి, పక్కవాళ్ళని కూడా చెప్పనివ్వని పిల్ల. దాని మీద నాకు ప్రేమా ఉండేది, కోపమూ ఉండేది.

“అవతలూరు నేను పంపలేనండి టీచరుగారూ,” అంది ఆ తల్లి. “నేను షెడ్డుకి పోయాక ఆ రోడ్డు దాన్నెవరు దాటిస్తారు? బడి ఇక్కడుంటే చదువుద్ది. లేకపోతే నాతోపాటే వచ్చిద్ది.”

బెదిరింపుగా అనలేదు. ఏడవనూ లేదు. ఉన్న సంగతి చెప్పి వెళ్ళిపోయింది. సెలవుల్లో పిల్లని ఎలాగూ షెడ్డుకి తీసుకెళ్తోందని తర్వాత తెలిసింది. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేరు. జూన్ వరకూ అనుకున్నది జూన్ తర్వాత కూడా అవుతుంది, అంతే. అలాంటి పిల్ల మా బడిలో అది ఒక్కతే కాదు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదని, మా ఆయన మీద ఊరికే అరిచానని మాత్రం చెప్పగలను.

ఒక్క వేసవిలో ఇటుకలతో బడి కట్టడం మా ఊళ్ళో జరిగే పని కాదు. ఇసుక రావాలి, ఇటుక రావాలి, మంచినీళ్ళు రావాలి, మేస్త్రి మధ్యలో పారిపోకుండా ఉండాలి. అప్పుడే దాతల ట్రస్టు ఒకటి ముందుకొచ్చింది. వాళ్ళు రెడీమేడ్ గదులు ఇస్తారట. మాడ్యులర్ అంటారు దాన్ని. గదుల్ని షెడ్డులో తయారుచేసి, లారీ మీద తెచ్చి, క్రేన్‌తో దించి బిగిస్తారు. తెనాలిలో గదులు తయారవుతుంటే అదే సమయంలో మా ఊళ్ళో కింద దిమ్మెలు పోస్తారు. రెండు పనులూ ఒకేసారి నడుస్తాయి కాబట్టి వేసవిలో అయిపోతుంది. వినడానికి బాగానే ఉంది. నాకు మాత్రం ఎండలో నిలబెట్టిన ఇనప డబ్బా, అందులో వేగిపోతున్న పిల్లలు కనిపించారు.

చూసిగానీ సంతకం పెట్టనన్నాను. తెనాలి నుంచి దుగ్గిరాల వెళ్ళే దారిలో కాలవ పక్కన ఉంది ఆ షెడ్డు. పని చూసే ఇంజనీరు తెనాలి అమ్మాయే, మా పెద్దదాని వయసుంటుంది. తల మీద పసుపుపచ్చ టోపీ, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. నా అనుమానాలన్నీ ఏకబిగిన చెప్పేశాను. ఆ అమ్మాయి వాదించలేదు. మిట్టమధ్యాహ్నం, సగం తయారైన గదిలో నాకొక కుర్చీ వేసి, టీ తెప్పించి, తలుపు వేసి వెళ్ళిపోయింది. టీ తాగాను. గోడ మీద చెయ్యి పెట్టాను. బయట రేకు కాలిపోతోంది, లోపలి గోడ మాత్రం చల్లగా ఉంది. రెంటి మధ్యా దళసరిగా ఏదో నింపారు. ఆ అమ్మాయి తిరిగొచ్చాక నేను గోడ గురించి ఏమీ అనలేదు. బోర్డు ఎత్తుగా ఉందన్నాను. మా పిల్లలు పొట్టివాళ్ళు, చెయ్యి పైకి ఎత్తి మడమలు లేపితేగానీ అందదన్నాను. ఆ సాయంత్రం నేను బస్సెక్కేలోగా బోర్డు కిందికి దించి చూపించింది. ఇవాళ మా నాలుగు గదుల్లోనూ బోర్డు ఎత్తు నేను చెప్పిన ఎత్తే. ఎవరొచ్చినా ముందు అదే చూపిస్తాను.

నాకు నమ్మకం కుదిరింది. ఊరికి కుదరలేదు. అప్పటికే డబ్బా బడి అని పేరు పెట్టేశారు. పాత బడి గచ్చు నేల మాత్రం మిగిలి ఉంది, దాని పక్కనే దిమ్మెలు పోశారు. మోకాలెత్తు కాంక్రీటు దిమ్మెలు వరసగా, ఒక్కోదాని నెత్తిన బోల్టులు నిలబడి ఉన్నాయి. ఊళ్ళో వాళ్ళు సాయంత్రాలు వచ్చి వాటి చుట్టూ తిరిగి, కోళ్ళఫారానికి పోసినట్టున్నాయని పెదవి విరిచి పోయేవాళ్ళు. మా బడి కమిటీకి ఛైర్మన్ ఒక పెద్దాయన. పొలం, ట్రాక్టరు, ఊళ్ళో మాట, అన్నీ ఉన్న మనిషి. ఊరంతటికీ బాబాయ్. ఆయన ఇంజనీరమ్మాయిని నిలేసి, ఇల్లు కట్టేవాళ్ళెవరైనా పల్లంలో కడతారా అని అడిగాడు. వరదొస్తే నీళ్ళు కిందనుంచి పోవాలని, అందుకే గదులు దిమ్మెల మీద కూర్చుంటాయని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఆయన అంతా విని “అట్టాగేనమ్మా” అన్నాడు. మా వైపు పెద్దవాళ్ళు అట్టాగేనమ్మా అన్నారంటే విన్నారని అర్థం, ఒప్పుకున్నారని కాదు. తెనాలి పిల్లకి ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు, కానీ నేను అక్కడ లేను.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. నీళ్ళకి భయపడి బతికే ఊరు కదా, ఇల్లు మొదలుపెట్టేముందు స్థలంలో మట్టి తోలి మెరక చేస్తారు. మెరక లేని ఇల్లు ఇల్లు కాదు, పాక. ఎవరైనా ఇల్లు కడుతున్నారంటే అయినవాళ్ళందరూ తలో ట్రాక్టరు మట్టి తోలతారు. పెళ్ళికి చదివింపుల్లాగా అదొక మర్యాద. తోలనివాడితో ఆ తర్వాత మాటలుండవు.

గదులు వచ్చేది సోమవారం. శనివారం మధ్యాహ్నం నేను అమ్మని చూడటానికి బాపట్ల వెళ్ళాను. ఆదివారం చర్చిలో కూర్చుని మా గదులు క్షేమంగా రావాలని ప్రార్థించుకున్నాను. నేను ప్రార్థించుకునే సమయంలోనే మా ఊళ్ళో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి.

సోమవారం పొద్దున ట్రైలర్లు ఒకదాని వెనక ఒకటి, ఆఖర్న క్రేన్, కాలవ గట్టు మీదికి వచ్చాయి. ముందు లారీ పక్కన జీపులో నేనూ ఇంజనీరమ్మాయీ. మలుపు తిరిగి బడి స్థలం చూశాం. దిమ్మెలు లేవు. ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఎర్రగా, చదునుగా, క్రికెట్టు ఆడుకోవచ్చన్నంత నున్నగా మట్టి పరిచి ఉంది. చుట్టూ ఊరు ఊరంతా ఉతికిన బట్టలు కట్టుకుని నిలబడి ఉన్నారు. 

బాబాయ్ ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“మీరు అడగలేదని మేం ఊరుకుంటామా టీచరమ్మా? ఇంటికో ట్రాక్టరు తోలాం. బడంటే మా ఇల్లు కాదా ఏంటి?”

గది కూర్చోవాల్సింది ఆ దిమ్మెల మీద, బిగించాల్సింది ఆ బోల్టులకి. అవన్నీ మట్టి కింద ఉన్నాయి. పైగా క్రేన్ నిలబడాల్సింది పాత బడి నేల మీద, గట్టి నేల అదొక్కటే. దాని మీదా మట్టే. క్రేన్ అతను బండిని నిలబెట్టే ఇనప కాళ్ళలో ఒకటి దింపి చూశాడు. కొత్తమట్టిలో అది సర్రున దిగిపోయింది. వెంటనే పైకి తీసుకుని, ఇక్కడ ఎత్తితే బండి పక్కకి ఒరుగుతుందని, తనవల్ల కాదని చెప్పేశాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఇంకోచోట పని ఒప్పుకున్నాడు. మళ్ళీ దొరికేది బడి తెరిచాకే.

బడి తెరిచాక గదులొస్తే ఎవరికి? పిల్లలు అప్పటికి అవతలి ఊళ్ళో ఉంటారు, లేదా రొయ్యల షెడ్డులో ఉంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“బాబాయ్, మీరు తోలింది మెరక కాదు,” అన్నాను. “మా బడిని పూడ్చిపెట్టారు.”

ఊరంతా వింది. ఆయన మొహం నల్లబడిపోయింది. ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ విచారం లేదు. పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు నోటికి కొంగులడ్డం పెట్టుకున్నారు. ఇంటికో ట్రాక్టరంటే ఆ ఇళ్ళల్లో కొన్నింటికి చిన్న సంగతి కాదు. ప్రేమతో చేశారు, నిజమే. ప్రేమతో పూడ్చినా పూడ్చడం పూడ్చడమే కదా.

ఇంజనీరమ్మాయి మాత్రం అరవలేదు. ట్రైలర్లని చూసింది, మట్టిని చూసింది, తర్వాత పెద్దాయన దగ్గరికి వెళ్ళింది.

“బాబాయ్‌గారూ, ఈ మట్టి వృథా పోదండి. ఆటస్థలం పల్లంగా ఉంది, అక్కడ పోద్దాం,” అంది. “గదుల కింద మాత్రం ఒక్క తట్ట కూడా ఉండకూడదు. రేపు మధ్యాహ్నంలోగా తీయగలమా?”

ఆయన ఇస్త్రీ చొక్కా విప్పి, మడిచి, పక్కనున్న మనిషి చేతిలో పెట్టి, పార అడిగాడు.

ఆ తర్వాత జరిగింది నేను చూశాను కాబట్టి నమ్మాను. ఎవరో జేసీబీ తెద్దామన్నారు. దాని పళ్ళు తగిలితే బోల్టులు వంగిపోతాయని ఇంజనీరమ్మాయి వద్దంది. చేత్తో తీయాల్సిందే. దారాలు కట్టి ఏ దిమ్మె ఎక్కడుందో ముగ్గుతో గుర్తులు పెట్టించింది. మగవాళ్ళు పారలు, ఆడవాళ్ళు తట్టలు. చేపలు మోసే ప్లాస్టిక్ ట్రేలు, అన్నం గంగాళాలు, ఆఖరికి ఉయ్యాల గుడ్డ కూడా మట్టి మోసింది. వేటకి వెళ్ళాల్సిన వాళ్ళు వెళ్ళలేదు. నేను కూడా చీర దోపుకుని తట్ట ఎత్తాను. టీచరమ్మ తట్టలో మట్టి తక్కువుందని ఆడవాళ్ళు ఒకటే ఆటపట్టించడం. నిండా వేయించుకుని మోశాను. రెండో రోజు నా నడుం నా మాట వినలేదు, అది వేరే సంగతి.

దిమ్మెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. బోల్టుల మరల్లో మట్టి బిగుసుకుపోయి ఉంది. నట్టు ఎక్కాలంటే అది పోవాలి. ఇంటింటినుంచీ పాత టూత్‌బ్రష్‌లు, కిరోసిన్ వచ్చాయి. షెడ్డు పని మానుకుని వచ్చిన ఆ తల్లి ఒక దిమ్మె ముందు కూర్చుని, బోల్టు తోమి, నట్టు తిప్పి, అది సాఫీగా కిందిదాకా దిగితేగానీ తర్వాతి దిమ్మెకి జరిగేది కాదు. కూతురు ఎదురుగా కూర్చుని తోముతోంది. ఎవరూ వాళ్ళని తొందరపెట్టలేదు. మధ్యాహ్నం ఎండలో కూడా లేవలేదు వాళ్ళు.

చీకటి పడేదాకా తీశాం. తెల్లవారుతూనే మళ్ళీ మొదలుపెట్టాం. టిఫిన్లవేళకి పాత బడి నేల బయటపడింది. క్రేన్ అతను దాని మీద బండి నాలుగు కాళ్ళూ దింపి, అటూ ఇటూ నడిచి చూసుకుని, సరేనన్నట్టు తలూపాడు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. క్రేన్ అతను రెండూ అయ్యేదాకా ఆగాడు.

మా గదులు ఒక్కోటీ రెండు ముక్కలుగా వచ్చాయి. రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టి బిగిస్తే ఒక తరగతి గది. మొదటి ముక్క పైకి లేచింది. ఒక పక్క గోడ లేదు కదా, లోపలంతా కనిపిస్తోంది. తాడుతో కట్టేసిన ఫ్యాను, కిటికీలు, ఆకుపచ్చ బోర్డు. సగం తరగతి గది, అలా గాల్లో మా తలల మీదుగా వెళ్తోంది. ఊరు ఊరంతా మెడలెత్తి చూస్తున్నారు. ఇంజనీరమ్మాయి నేల మీద బోర్లా పడుకుని, గది అడుగునున్న రంధ్రాలు బోల్టులకి ఎదురొచ్చాయో లేదో చూస్తూ, చేత్తో కొంచెం ఇటు, ఇంకొంచెం అని సైగ చేస్తోంది. తర్వాత అరచెయ్యి నేలకేసి దింపింది. గది కూర్చుంది. తోమి పెట్టిన బోల్టులన్నీ ఒక్కటీ పోకుండా రంధ్రాల్లోంచి పైకి వచ్చాయి.

నాకు ఏడుపొచ్చింది. గర్వంతో ఏడుపు రావడం నాకు అదే మొదలు. ఆ అమ్మాయి లేచి మోచేతులకున్న మట్టి దులుపుకుంటుంటే బాబాయ్ దగ్గరికెళ్ళి తన తువ్వాలు ఇచ్చాడు. మధ్యాహ్నం దాటింది. క్రేన్ అతను వాచీ చూసుకోలేదు. ఆఖరి ముక్క దించాకే భోజనానికి కూర్చున్నాడు. ఆయనకి ఎన్ని ఇళ్ళనుంచి చేపల పులుసు వచ్చిందో చూసి మేం నవ్వుకున్నాం.

ఇప్పుడు మా బడి చూడటానికి కాకుమాను నుంచి, ఇంకా ఎక్కడెక్కడినుంచో టీచర్లూ ఆఫీసర్లూ వస్తుంటారు. పెద్ద వానలకి నీళ్ళు గదుల కిందనుంచి జారి డ్రెయిన్లోకి పోతాయి, మెరక చేసిన ఆటస్థలం ముందుగా ఆరిపోతుంది. ఇదంతా బాబాయ్ దగ్గరుండి వివరిస్తాడు, మొత్తం ఆలోచన తనదే అయినట్టు. నేను అడ్డు రాను. ఆయన తీసిన మట్టి నేను చూశాను.

కానీ నేను చెప్పాల్సింది బడి తెరిచిన రోజు గురించి. ముందు రోజు ఆఫీసరు గారు వచ్చి, గది గదీ తిరిగి, గోడలు తట్టి, కుర్చీలో కూర్చుని చూసి, బడి ఇక్కడే ఉంటుందని చెప్పి వెళ్ళారు. ఆ రాత్రి నేను బాగా నిద్రపోయాను. పొద్దున మొదటి బస్సుకే వచ్చి తాళాలు తీశాను. పిల్లలు కొత్త మెట్లెక్కి, గుమ్మంలో చెప్పులు విప్పి, లోపలికి రావడానికి సందేహిస్తూ నిలబడ్డారు. గట్టిగా ఒక్క కేక వేశాను. అందరూ వచ్చి కూర్చున్నారు.

ఆ తల్లి కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్లకి నూనె రాసి బిగించి రెండు జడలు వేసింది. వేసవంతా ఐసు నీళ్ళల్లో నానిన వేళ్ళు పాలిపోయి, చివర్లు తోలు ఊడి ఉన్నాయి. పలక బలపం పట్టుకోవడానికి కొంచెం కష్టపడింది గానీ, నేను లెక్క చెప్పడం మొదలుపెట్టగానే చెయ్యి ఎత్తేసింది. తల్లి కిటికీ దగ్గర నిలబడి కాసేపు చూసింది. 

రోడ్డు మీద షెడ్డు ఆటో హారన్ కొట్టింది. ఆమె పరుగున వెళ్ళింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆటోలో ఉన్న ఆడవాళ్ళు సర్దుకుని ఇద్దరికి చోటిచ్చారు. ఒకామె బయటికి తొంగి చూసి పిల్లేదని అడిగింది.

“రాదు. ఇంక రాదు,” అంది ఆ తల్లి, ఆటో ఎక్కుతూ. “మాకు బడుంది.”